పలక మసి, పళ్ళ పట్టకారు

1946 వానాకాలం మొదట్లో నన్ను సిద్దిపేట సర్కారు దవాఖానకు అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. సిద్దిపేట అప్పుడు మెదక్ జిల్లాలో ఒక తాలూకా. అసిస్టెంట్ సర్జన్ పేరుకు సహాయకుడు. సహాయం చేయడానికి మాత్రం పైన ఎవరూ ఉండరు. సివిల్ సర్జన్ జిల్లా కేంద్రంలో కూర్చుంటారు, ఏడాదికోసారి వచ్చి గోడలకు సున్నం వేశారా లేదా అని చూసి పోతారు. కాబట్టి కాన్పు, కలరా, కొట్లాటలో పగిలిన తల, పుచ్చిన పన్ను, అన్నీ నావే. నా కింద ఒక కాంపౌండరు, ఒక డ్రెస్సరు, కాన్పులు చూసే ఒక దాయి. నాకు ముక్కు మీద కోపం. ఈ వయసులో తగ్గిందని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారు. తగ్గలేదు, వినేవాళ్ళు తగ్గారు.

ఈ మధ్య ఒక యువ డాక్టరు నన్ను అడిగాడు. రాగి, ఇనుము, మాంగనీస్ లాంటి ఖనిజాలు ఒంట్లో మోతాదు మించితే మెదడు క్షీణిస్తుందని ఇప్పుడు పెద్ద పరిశోధనలు జరుగుతున్నాయట, మీ కాలంలో ఇవన్నీ తెలుసా సార్ అని. మా కాలంలో మేం గడ్డి తిన్నామని అతని ఉద్దేశం కాబోలు. తెలుసు నాయనా. ఎలా తెలిసిందో రాస్తున్నాను.

నేను చేరిన కొన్నాళ్ళకే చంద్లాపూర్ దారిలో ఉన్న ఒక పల్లె నుంచి పోలీసు పటేలు వచ్చాడు. ఊరి పేరు రాయను, అందరి మనుమలూ అక్కడే ఉన్నారు. పోలీసు పటేలు అంటే ఊళ్ళో శాంతిభద్రతలు చూసే పెద్ద. చెప్పులు గడప బయట విడిచి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా అడిగాడు.

"డాక్టర్ సాబ్, పండ్లు పీకే పట్కారు ఒక్క పూట ఇయ్యిండ్రి. మల్ల తెచ్చి మీ చేతులనే పెడత."

పన్ను ఎవరిదైతే వాణ్ణే తీసుకురమ్మన్నాను.

"నొప్పి పన్ను కాదు సారు. బాణామతి చేసే ముసల్ది ఒకతి ఉన్నది మా ఊర్ల. పండ్లన్ని ఊడబీకితే దానికి మంత్రం పలుకది. పోయినమాటు ఒకామెకు వడ్లోళ్ళ పట్కారుతోని పీకితే దౌడ పగిలింది, పాపం. మీదైతే సాఫ్‌గ పనైతదని అచ్చిన."

ఆ 'పాపం' అన్న మాటకు నా ఒళ్ళు మండిపోయింది. బాణామతి అంటే మా జిల్లాలో అప్పట్లో చేతబడికి పేరు. ఎవరికి కాళ్ళు పడిపోయినా, ఎవరి బర్రె వట్టిపోయినా ఊళ్ళో దిక్కులేని ఒక ఆడమనిషి మీద నింద పడేది. పళ్ళు పోతే మాట స్పష్టంగా రాదు, మాట స్పష్టంగా రాకపోతే మంత్రం పారదు. వాళ్ళ లెక్క అది. కసిరి పంపేద్దామని నోరు తెరిచాను. అంతలో వడ్లవాళ్ళు, అంటే వడ్రంగులు, మేకులు పీకే పట్టకారు గుర్తొచ్చింది. నేను ఇవ్వనంటే అది ఉండనే ఉంది. అందుకని కోపం మింగి ఒక అబద్ధం ఆడాను. సర్కారు సామాను దవాఖాన గడప దాటాలంటే ముందు జబ్బు మనిషిని నేను చూడాలి, రూలు అలా ఉంది అన్నాను. రూలు అనేసరికి పటేలు తలూపాడు. అమాస నాడు ముహూర్తం పెట్టుకున్నారట, ఆ లోపల చూడమన్నాడు.

మర్నాడు బండి మీద జబ్బు మనిషిని తెచ్చారు. పేరు రాజలింగం, నలభై ఏళ్ళుంటాయి. పిల్లలు రాసుకునే చెక్క పలకలు చేసి సిద్దిపేట అంగట్లో అమ్మేవాడు. వెంట భార్య నర్సవ్వ వచ్చింది, గట్టి మనిషి, మాట కూడా గట్టిదే. భర్త అన్న చనిపోతే పీనుగ ముందు నిలబడి ఇతను పకపకా నవ్వాడట. కులపెద్దలు కొట్టబోతే ఇంకా నవ్వాడట. ఎల్లవ్వ అనే ముసలామె పలకరించడానికి వస్తే ఆమెను చూసి మరీ నవ్వాడట. ఇంకేం కావాలి, చేసింది ఎవరో తేలిపోయింది.

పరీక్ష చేశాను. మొహంలో కదలిక లేదు, రెప్ప వేయడమే అరుదు. గొంతు ఏ హెచ్చుతగ్గూ లేకుండా సన్నగా వచ్చేది. చేతులు, కాళ్ళు బిగుసుకుపోయి ఉన్నాయి. నడిస్తే మడమలు నేలకు ఆనవు, కోడిపుంజులా మునివేళ్ళ మీద నడుస్తాడు. వెనక్కి నడవమంటే ఒక అడుగు వేసి వెల్లకిలా పడ్డాడు, డ్రెస్సరు పట్టుకోకపోతే తల పగిలేదే. తెలివి మాత్రం చెక్కు చెదరలేదు. నవ్వు ఎందుకు వస్తోందని అడిగాను.

"నేను నవ్వుతలేను సారు. మూతే నవ్వుతది. మా అన్న నన్ను సాది పెద్దజేసిండు. ఆయన పీనుగ ముందట నాకు నవ్వొస్తదా?"

ఇది చెబుతూ కూడా నవ్వాడు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, మూతి నవ్వుతోంది. అప్పటికి నేను చాలా చావులు చూశాను కానీ ఆ మొహం చూస్తూ కూర్చోలేక లేచి కిటికీ దగ్గరికి పోయాను.

అప్పట్లో ఇలాంటి బిగుతుకు మేం వరుసగా వెతికే కారణాలు కొన్ని ఉండేవి. మెదడువాపు వచ్చి తగ్గిన తర్వాత మిగిలే బిగుతు ఒకటి. ఇతనికి అలాంటి జ్వరం ఎప్పుడూ రాలేదు. సుఖవ్యాధి ముదిరి మెదడుకెక్కడం ఇంకొకటి. కంటిపాపలు చూస్తే దాని గుర్తులు లేవు. సీసం విషమైతే చిగుళ్ళ అంచున నీలి గీత ఉండాలి, అదీ లేదు. ముసలితనంలో వచ్చే వణుకు రోగానికి వయసు చాలదు. పుస్తకం తెరిచి కూర్చునే బదులు మనిషి పని చేసే చోటు చూద్దామని బండి కట్టించుకుని వాళ్ళ ఊరికి పోయాను.

ఇంటి వెనక ఒక చిన్న కొట్టు. కిటికీ లేదు, తలుపు ఒకటే. లోపల గోడలు, దూలాలు, నేల, మూలనున్న నీళ్ళ కుండ, అన్నీ నల్లగా ఉన్నాయి. చెక్క పలకకు పూసే మసి మామూలుగా కట్టెబొగ్గుతో చేస్తారు. అది తొందరగా తుడుచుకుపోతుంది. యుద్ధం రోజుల్లో వాడి పారేసిన బ్యాటరీలు తుక్కు వ్యాపారుల దగ్గర గోనెసంచుల కొద్దీ దొరికేవి. వాటిని సుత్తితో పగలగొడితే మధ్యలో బొగ్గుపుల్ల, చుట్టూ నల్లటి పొడి. ఆ పొడిని రోట్లో మెత్తగా నూరి, ఆకు పసరు, తుమ్మబంక కలిపి పూస్తే పలక నిగనిగలాడేది, ఏళ్ళ తరబడి నిలిచేది. రాజలింగం పలక అంటే తాలూకా అంతా పేరు. ఆ పేరు వచ్చి రెండు మూడేళ్ళయింది. పొడి గాలికి లేచిపోకుండా, పని గుట్టు బయటపడకుండా, తలుపు మూసుకుని నూరేవాడు. బ్యాటరీలు పగలగొట్టేది నర్సవ్వ.

బంక పాలు సరిపోయిందా లేదా ఎలా తెలుస్తుందని అడిగాను. నేను అడిగింది ఊరికే, మాట కలపడానికి. నర్సవ్వ తేలిగ్గా చెప్పింది.

"నాలిక మీద ఏస్కొని సూస్తడు సారు. జిగట నాలికకు తెలుస్తది. దినాం సూస్తడు."

బంక ఎవరు ఇస్తారు? తుమ్మచెట్ల వెంట తిరిగి బంక ఏరి తెచ్చి అమ్మేది ఎల్లవ్వే. ఊరికి అందుకే అంత నమ్మకం కుదిరింది. ఆమె ఇచ్చింది ఇతను నాకాడు, బంకలో మందు పెట్టింది. నర్సవ్వ ఆ మాట చెబుతూ వెనక్కి జరిగి, గడప దగ్గర తూలి తలుపు పట్టుకుంది. అది కూడా చూసి మనసులో పెట్టుకున్నాను.

ఆ నల్లపొడిలో సగానికి సగం మాంగనీస్. ఇనుములాగే ఇదీ మన ఒంటికి కావలసిన ఖనిజమే, కాకపోతే చిటికెలో చిటికెడు చాలు. గింజల్లో, ఆకుకూరల్లో ఉన్నది సరిపోతుంది. దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకి ఏళ్ళ తరబడి పోతే మాత్రం ఒళ్ళు దాన్ని బయటికి తోసుకోలేదు. మెదడు అడుగున కదలికలను అదుపు చేసే భాగాలున్నాయి, అక్కడ చేరి వాటిని కొంచెం కొంచెంగా తినేస్తుంది. మాంగనీస్ రాయి దంచే కూలీలకు కోడిపుంజు నడక, కారణం లేని నవ్వు, వెనక్కి పడిపోవడం వస్తాయని మా ప్రొఫెసరు ఒకసారి పాఠంలో చెప్పారు. పరీక్షలో రాదులే అని సగం మంది రాసుకోలేదు. నేను కోపిష్టినే కానీ రాసుకునేవాణ్ణి.

నాకు తెలిస్తే చాలదు కదా, అమాసలోపు ఊరికి చూపించాలి. దానికి ఒక పాత పరీక్ష ఉంది. మాంగనీస్ ఉన్న వస్తువును నైట్రిక్ ఆమ్లంలో మరిగించి, వడకట్టి, సీసపు ఆక్సైడు వేసి మళ్ళీ మరిగిస్తే నీళ్ళు ఊదారంగుకు తిరుగుతాయి. నైట్రిక్ ఆమ్లం మూత్ర పరీక్ష కోసం దవాఖానలో ఉండేది. సీసపు ఆక్సైడు ఎక్కడ తేవాలి? ఆంజనేయస్వామికి పూసే సింధూరం అదే జాతిది. కాంపౌండరును అంగడికి పంపి ఒక పొట్లం తెప్పించాను. మొదటిసారి చేస్తే రంగు రాలేదు. నా కోపానికి ఒక గాజు గొట్టం బలి అయింది. తర్వాత బుర్ర పనిచేసింది. బ్యాటరీ పొడిలో నవాసారం అనే ఉప్పు ఉంటుంది, అది రంగును తినేస్తుంది. పొడిని వేడినీళ్ళతో కడిగి, వార్చి, మళ్ళీ కడిగి, ఉప్పంతా పోయాక చేస్తే సింధూరం అడుగున పేరుకుంది, పైన తేరిన నీళ్ళు చక్కటి ఊదారంగులోకి వచ్చాయి. కలరా రోజుల్లో బావుల్లో వేసే లాల్‌దవా రంగే అది. లాల్‌దవాలో ఉండేదీ మాంగనీసే.

అమాసకు ముందు రోజు పొద్దున ఊరి చావడి దగ్గర స్పిరిటు దీపం వెలిగించి కూర్చున్నాను. ఊరంతా వచ్చింది. ఎల్లవ్వను తెచ్చి ఒక మూల కూర్చోబెట్టారు. గుప్పెడంత మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆమె బుట్టలోని బంక తీసి, పొడిచేసి, అందరూ చూస్తుండగా పరీక్ష చేశాను. రంగు లేదు. ఆకు పసరు పెట్టాను, రంగు లేదు. కడిగిన మసి పెట్టాను. నీళ్ళు ఊదారంగుకు తిరగగానే జనం "అబ్బ!" అన్నారు. విషం ఇందులో ఉంది, బంకలో లేదు, రాజలింగం దీన్ని పీల్చాడు, నాకాడు, ఇదీ జరిగింది అని చెప్పాను. గెలిచాననుకున్నాను.

గెలవలేదు. వెనక నుంచి ఎవరో డాక్టర్ సాబ్ చేసే బాణామతి ముసల్దాని బాణామతి కన్న జబర్దస్త్ ఉన్నది అన్నారు, జనం నవ్వారు. నర్సవ్వ మాత్రం నవ్వలేదు. ముందుకు వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"రంగు సరే సారు. నా మొగడు మంచిగైతడా? నీకాడ మందున్నదా?"

నా దగ్గరున్నది ఉమ్మెత్త సారంతో చేసిన చుక్కలు. బిగుతు కాస్త సడలుతుంది, అంతే. చేరిన ఖనిజాన్ని మెదడులోంచి తీసే ఉపాయం ఆనాడు ఎవరి దగ్గరా లేదు. మందు లేదని చెప్పాను. అబద్ధం ఆడి ఉండొచ్చు, నోరు రాలేదు.

"లేదంటున్నవు గదా! దాని పండ్లు పీకితే మంచిగైతడని వీళ్ళంటున్నరు. మరి నేనేం జెయ్యాలె? నువ్వే చెప్పు!"

వాళ్ళ మూఢనమ్మకం ఆశ చూపిస్తోంది, నా రసాయనం అది కూడా చూపించడం లేదు. జనంలో గొణుగుడు మొదలైంది. పటేలు కల్పించుకుని, సారు మీదికి పోకు, వెనక్కి జరుగు అని నర్సవ్వను గదమాయించాడు. ఆమె విసురుగా వెనక్కి అడుగు వేసింది. మడమ లేచింది, రెండో అడుగు పడలేదు, అలాగే వెల్లకిలా కూలబడింది. అచ్చం భర్త పడినట్టే.

ఎవరూ నవ్వలేదు. లేచి మళ్ళీ వెనక్కి నడవమ్మా అన్నాను. మళ్ళీ పడింది. అప్పుడు ఊరందరినీ ఉద్దేశించి ఒక్కటే అడిగాను. ఎల్లవ్వ చేతిది ఈమె ఎప్పుడైనా తిన్నదా? ముసలామె నోటికి అడ్డం ఉన్న కొంగు తీసి మూల నుంచి గట్టిగా అంది.

"కోళ్ళ మీద మా ఇద్దరికి పంచాయితి అయినప్పటిసంది నా చేతి నీళ్ళన్న ముట్టిందా ఇది? ఎన్నేండ్లాయె, అడుగుండ్రి దాన్నే!"

నర్సవ్వ నేల మీద కూర్చునే ఉంది. తన చేతులు చూసుకుంది. గోళ్ళ సందుల్లో నలుపు ఇంకా ఉంది. ముట్టలేదు సారు, బంక నేనెన్నడు ముట్టలేదు, నేను బ్యాటరీలే పగలగొట్టిన అని సన్నగా చెప్పింది. రాజలింగం అరుగు మీద కూర్చుని నవ్వుతున్నాడు. ఆయన ఏడుస్తున్నాడని ఆ రోజు ఊరికి మొదటిసారి అర్థమైంది. నర్సవ్వ లేచి వెళ్ళి కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. పటేలు అమాస ముహూర్తం రద్దని చాటించాడు. కొట్టులోని సంచులన్నీ ఊరికి, బావులకు దూరంగా రాళ్ళ గుట్టలో పూడ్పించాను.

ఇద్దరి మూత్రం కడిగిన సీసాల్లో పట్టుకుని నేనే హైదరాబాద్ పోయి, అక్కడి రసాయన పరీక్షాధికారికి ఇచ్చాను. మామూలు మనిషి మూత్రంలో మాంగనీస్ జాడ దొరకడమే కష్టం. రాజలింగం సీసాలో రంగు కంటికి కనిపించింది. నర్సవ్వది పలచగా వచ్చింది. ఆ పని మానేశాక నర్సవ్వ తేరుకుంది, మరుసటి వానాకాలానికి వెనక్కి నడవగలిగింది. పట్టు బిగియకముందే దుమ్ముకు దూరమైతే మనిషి దక్కుతాడు. రాజలింగం దక్కలేదు. ఆయన ఇంకా బిగుసుకుపోయి, మంచం పట్టి, చివరిదాకా ఆ నవ్వుతోనే ఉన్నాడు.

ఇక్కడితో ముగిస్తే బాగుండేది. ముగియలేదు. ఒక అంగడి రోజు ఎల్లవ్వ సంత చూసుకుని దవాఖానకు వచ్చింది. కొంగులో కట్టిన బంక ముద్ద నా బల్ల మీద పెట్టి, నోరు తెరిచి చూపించింది.

"డాక్టరు బిడ్డా, నా పండ్లు పీకు."

ఏది నొప్పి అని అడిగాను.

"నొప్పి ఏది లేదు. ఉన్నయన్ని పీకు."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. నీ పళ్ళు కాపాడటానికి నేను ఆ చావడిలో అంత తిప్పలు పడితే ఇప్పుడు నువ్వే పీకమంటావా, మతి ఉందా నీకు అని అరిచాను. కాంపౌండరు మందుల గదిలోంచి తొంగి చూశాడు. ఆమె బెదరలేదు.

"మంచిగ జెప్పినవు బిడ్డా, గీసారికి బతికిన. రేపు ఎవ్వల బర్రె పాలియ్యకపోతే? ఎవ్వల పోరికి ఒళ్ళు కాలితే? నువ్వుంటవా గీడ? బదిలీ మీద పోతవు. నేను యాడికి పోత? నీకాడ సూదిమందున్నది. వాళ్ళకాడ వడ్లోళ్ళ పట్కారున్నది."

కుదరదన్నాను. జబ్బులేని పన్ను పీకడం వైద్యం కాదు, చదువుకునేటప్పుడు మాకు మొదట నేర్పేదే అది. ఆమె వాదించలేదు. ప్రతి అంగడి రోజూ వచ్చి వరండాలో కూర్చునేది, నేను బయటికి వస్తే మొహం వంక చూసేది, సాయంత్రం లేచి వెళ్ళిపోయేది. మరుసటి ఏడు వానాకాలం ముగిసేలోపు నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. నా జాగాలో రాబోయే ఆయన ఎవరో నాకు తెలియదు, పటేలు పట్టకారు అడిగితే ఆయన ఏమంటాడో అంతకన్నా తెలియదు. ఆ వారం ఎల్లవ్వ వచ్చినప్పుడు లోపలికి పిలిచాను. చిగుళ్ళకు సూదిమందు ఇచ్చి ముందరి పళ్ళు తీశాను. మిగతావి చార్జి అప్పగించేలోపు రెండు విడతల్లో తీశాను. ఉప్పునీళ్ళతో పుక్కిలించమని చెప్పాను. ఆమె నోట్లో దూది పెట్టుకునే నా తల మీద చెయ్యి వేసి వెళ్ళింది. ఆ పూట నేను ఇంకో రోగిని చూడలేకపోయాను.

నేను చేసింది తప్పనేవాళ్ళు ఉంటారు. అననివ్వండి. ఆ ముసలామెను ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదని, నమలక్కర్లేని జొన్న గటక తాగి ఇంకా చాలా ఏళ్ళు బంక ఏరుకుంటూ బతికిందని ఆ దారిన వచ్చినవాళ్ళు చెప్పారు. ఒంట్లో ఏ ఖనిజం ఎంత ఉందో కొలవడానికి ఇప్పుడు మంచి యంత్రాలు వచ్చాయి, సంతోషం. జబ్బు పేరు కనుక్కోవడంతో డాక్టరు పని అయిపోదని మాత్రం నాకు సిద్దిపేటలోనే తెలిసింది. తర్వాత ఏ తాలూకాకు వేసినా, అంతు తెలియని జబ్బుతో మనిషి వస్తే నాడి చూసి, నాలుక చూసి, ఇంకో ప్రశ్న కూడా తప్పకుండా అడిగేవాణ్ణి. ఇది ఎవరు చేశారని మీ ఊళ్ళో అంటున్నారు?